కోహిమాలో తెలుగు పర్యాటకుడికి జరుగుతున్న అన్యాయం

ఊటీ, కొడైకెనాల్, మున్నార్ అయిపోయాయి. సిమ్లా, మనాలీ పిల్లల వేసవి సెలవుల్లో చుట్టేశాం. కాశీ వెళ్ళి గంగ తెచ్చుకున్నాం. ఇక మిగిలింది ఈశాన్యం. ఈమధ్య తెలుగువాడి చూపు అటు తిరిగింది కాబట్టి నాగాలాండ్ రాజధాని కోహిమా కూడా మన లిస్టులోకి ఎక్కింది. సముద్రమట్టానికి 1,400 మీటర్లు దాటిన ఎత్తు, చుట్టూ కొండలు, చల్లగాలి, గిరిజన సంస్కృతి, ఇవి చాలవన్నట్టు రెండో ప్రపంచ యుద్ధం. ఒకే టికెట్టు మీద ఇన్ని దొరికే ఊరు దేశంలో అరుదు. అయితే ఆ ఊరు మన పట్ల నడుచుకుంటున్న తీరు మాత్రం బొత్తిగా బాగాలేదు. ఎవరో ఒకరు చెప్పాలి గనక చెబుతున్నాను.

అవమానం గుమ్మంలోనే మొదలవుతుంది. నాగాలాండ్‌లో అడుగు పెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. దీనికి మూలం 1873లో తెల్లదొరలు చేసిన నిబంధన. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా అంతా మనదేనని చిన్నప్పుడు వరసలో నిలబడి ప్రతిజ్ఞ చేసినవాళ్ళం, సొంత దేశంలో తిరగడానికి ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ఫొటో అతికించి, ఫీజు కట్టాలా? పైగా వాళ్ళకు రాజ్యాంగంలో 371ఎ ఉందట. భూమి, ఆచారం, ఊరి న్యాయం విషయాల్లో పార్లమెంటు చేసిన చట్టం కూడా అక్కడి శాసనసభ ఒప్పుకుంటేనే చెల్లుతుందట. ఇలాంటి ప్రత్యేక ఏర్పాట్లు జాతీయ సమైక్యతకు మంచివి కావు. మన 371డి సంగతి వేరు. లోకల్, నాన్‌లోకల్ అనేది ఉద్యోగాల విషయం, పిల్లల సీట్ల విషయం. దాన్ని తెచ్చి దీనితో ముడిపెట్టకూడదు.

దీమాపూర్‌లో దిగి డెబ్బై చిల్లర కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఎక్కాలి. వానాకాలంలో కొండ చరియలు విరిగిపడతాయి. ఇందులో నాగాల తప్పు పెద్దగా లేదు కాబట్టి వదిలేద్దాం.

అసలు మోసం ఊళ్ళోకి వెళ్ళాక బయటపడుతుంది. గిరిజనులు ఎక్కడ? ఎటు చూసినా జీన్స్ ప్యాంట్లు, కొరియన్ హెయిర్ స్టైళ్ళు, భుజాన గిటార్లు. కాఫీ షాపు కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మాట్లాడే ఇంగ్లీషు వింటే, లక్షలు పోసి ఇంటర్నేషనల్ స్కూల్లో వేసిన మన పిల్లాడి మీద కోపం వస్తుంది. ఆ రాష్ట్రానికి అధికార భాష ఇంగ్లీషేనట. ఇదే అమ్మాయి హైదరాబాదులో బ్యూటీ పార్లర్లోనో రెస్టారెంట్లోనో కనిపిస్తే మనం చనువుగా “ఏ దేశం?” అని అడుగుతాం. ఇక్కడ ఆ అమ్మాయే మనల్ని ఏ ఊరని అడిగి, హైదరాబాద్ అనగానే “బిర్యానీ!” అని నవ్వుతుంది. ఎక్కడో లెక్క తిరగబడింది.

ఇంత దూరం వచ్చింది డిగ్రీ చదివిన గిరిజనుణ్ణి చూడటానికా? ఈటె ఏది? ఈకల కిరీటం ఏది? తలల వేట సంగతి అడుగుదామంటే టాక్సీ కుర్రాడు “మా తాతగారు హెడ్మాస్టరండీ, బెత్తంతో చేతుల మీదే కొట్టేవారు” అంటాడు. పోనీ పక్కనున్న ఖొనోమా గ్రామానికి వెళ్దాం, 1879-80లో ఇంగ్లీషు సైన్యాన్ని నెలల తరబడి ఎదిరించిన వీరుల ఊరు కదా అని బయల్దేరితే, ఆ ఊరివాళ్ళు 1998లో వేట మానేసి అడవిని పక్షులకు అప్పజెప్పేశారు. వేటగాళ్ళను చూద్దామని వెళ్ళినవాడికి ‘చెత్త బుట్టలో వేయండి’ అన్న హితవు ఎదురవుతుంది. చేతిలో చిప్స్ ప్యాకెట్టు పట్టుకున్న పర్యాటకుడి మనోభావాల గురించి ఎవరైనా ఆలోచించారా?

ఈ కొరత తీర్చే ప్రయత్నం ప్రభుత్వం చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2000లో మొదలైన హార్న్‌బిల్ పండగ ఇప్పుడు ఏటా డిసెంబరు 1 నుంచి 10 దాకా కిసామా అనే చోట జరుగుతుంది. కోహిమాకు పన్నెండు కిలోమీటర్లు. అంగామీ, ఆవో, సుమీ, లోథా, కొన్యాక్, చాఖెసాంగ్, ఇలా ఒక్కో తెగకు ఒక్కో మొరుంగ్, అంటే పూర్వం కుర్రాళ్ళు కలిసి ఉండి పనీ పాటా నేర్చుకున్న పెద్ద ఇల్లు. సంస్కృతి అంటే ఇలా ఉండాలి. ఒకచోట, గేటు టికెట్టుతో, పార్కింగ్ సదుపాయంతో. ఈటె పట్టుకున్న యోధుడి భుజం మీద చెయ్యి వేసి “కాస్త కోపంగా చూడన్నా” అంటే కోపంగా చూస్తాడు. పాపం, ఆయన పండక్కి సెలవు పెట్టి వచ్చిన ప్రభుత్వోద్యోగి కావచ్చు. ఆ కోపం కూడా సెలవు దొరకడానికి పడ్డ తిప్పల వల్ల వచ్చింది కావచ్చు. ఫొటోలో అదంతా పడదు.

శాలువాల దగ్గర చిన్న ఇబ్బంది ఉంది. ఏ తెగ నేత ఆ తెగదేనట. ఆవో వీరుల శాలువా ఒకప్పుడు యుద్ధంలో తల తెచ్చినవాడికో, మిథున్ పశువును కోసి ఊరందరికీ విందు పెట్టినవాడికో తప్ప దక్కేది కాదట. శాలువాకు అర్హత అడగడం ఏమిటో తెలుగువాడికి ఎంత ఆలోచించినా అర్థం కాదు. మన దగ్గర సభకు ముందు వరసలో కూర్చుంటే చాలు, వద్దన్నా కప్పుతారు. బీరువాలో చోటు చాలక మళ్ళీ ఇంకొకరికి కప్పుతాం.

భోజనం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. కోహిమా వెళ్ళొస్తున్నామనగానే చుట్టాలందరూ అడిగే ప్రశ్న ఒకటే, అక్కడ వాళ్ళు ఏమేం తింటారని. అడిగేది ఎవరు? తలకాయ కూర, బోటీ, మెదడు వేపుడు, కాళ్ళ పులుసు, నల్ల వేపుడు తిని పెరిగిన మనమే. మనది రుచి, వాళ్ళది అలవాటు. అఖునీ అని సోయా గింజల్ని పులియబెట్టి చేస్తారు. మూత తీస్తే ఆ వాసన వీధి చివరికి తెలుస్తుంది. ఎండు నెత్తళ్ళు వేయిస్తూ పక్క అపార్ట్‌మెంటు వాళ్ళతో ఏళ్ళ తరబడి గొడవ పడ్డవాళ్ళు కూడా దాని ముందు ముక్కు మూసుకుంటారు. పొగ పట్టించిన పంది మాంసంలో అది వేసి, వెదురు కొమ్ముల పులుపు తగిలించి, అన్నంతో పెడతారు. బాగుంటుందని ఒప్పుకుంటే ప్రయాణం చెడుతుంది. అందుకే మనవాళ్ళు పులిహోర పొట్లాలు, ఆవకాయ సీసా, ఇండక్షన్ స్టవ్ మోసుకెళ్తారు.

అన్నిటికంటే ఘోరం రాజా మిర్చి. కారానికి రాజధాని గుంటూరని పుట్టినప్పటి నుంచీ నమ్మిన జాతి మనది. ఈ ఈశాన్యపు మిరప 2007లో ప్రపంచంలోకెల్లా కారమైనదిగా గిన్నిస్‌కు ఎక్కింది. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో పది లక్షల యూనిట్లు దాటింది. మన గుంటూరు సన్నం కారం అందులో పదో వంతు కూడా ఉండదు. “మేం ఆంధ్రా వాళ్ళమండీ, మాకు కారం లెక్కలేదు” అని హోటల్లో ప్రకటించిన పెద్దమనిషి తర్వాతి పావుగంట ఏం మాట్లాడలేదు. పక్క టేబుల్ మీద నాలుగేళ్ళ పాప అదే పచ్చడి నంజుకుని అన్నం తింటోంది. ఇది పర్యాటకుణ్ణి గౌరవించే పద్ధతి కాదు.

ఇక యుద్ధం. ఊరి నడిబొడ్డున గ్యారిసన్ హిల్ మీద యుద్ధ సమాధుల తోట ఉంది. పచ్చిక కత్తిరించి, పూలమొక్కలు పెంచి, మెట్లు మెట్లుగా చాలా శుభ్రంగా ఉంచారు. 1,420 సమాధులు. అవి కాక, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో ఒక స్మారకం. 1944 ఏప్రిల్ 4న మొదలై జూన్ 22 దాకా సాగిన పోరు ఇది. జపాన్ సేనాని సాతో దాదాపు 15,000 మందితో అడవుల్లోంచి వచ్చి పడ్డాడు. ఎదురుగా బ్రిటిష్ వైపు మొదట్లో పోరాడగలిగిన దండు పదిహేను వందలు. జపాన్ అంటే మనకు తెలియనిదేమీ కాదు, అంతకు రెండేళ్ళ ముందు, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు వేసి పోయారు. కానీ విశాఖలో పడ్డవి కొద్దిపాటి బాంబులే, ఇక్కడ పోరు కొండ మీదే మకాం పెట్టింది. డిప్యూటీ కమిషనర్ బంగళాలో టెన్నిస్ కోర్టు ఉండేది. రెండు సైన్యాలూ దానికి అటొకరు ఇటొకరు గోతులు తవ్వుకుని, బంతుల బదులు గ్రెనేడ్లు విసురుకున్నారు. ఆ కోర్టు గీతలు ఇప్పటికీ తెల్లగా గుర్తుపెట్టి ఉంచారు. మన కుర్రాడు అక్కడ సర్వీస్ చేస్తున్నట్టు రీల్ తీసుకున్నాడు. ‘మీ రేపటి కోసం మా నేటిని ఇచ్చేశాం’ అని అర్థం వచ్చే శిలాఫలకం ఆ తోటలోనే ఉంది. క్యాప్షన్‌కు బాగా పనికొచ్చింది.

బ్రిటిష్, భారత సైన్యాల వైపు చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు కలిపి సుమారు 4,000. జపాన్ వైపు అంతకంటే ఎక్కువ. చివరికి తిండి అందక, పైవాళ్ళు వద్దన్నా వినకుండా సాతో వెనక్కి తిరిగాడు. ఈ మధ్యలో నలిగిన నాగా పల్లెల వాళ్ళు గాయపడ్డవాళ్ళను మోశారు, దారులు చూపించారు, ఇళ్ళు పోగొట్టుకున్నారు. ఇక్కడ చరిత్రకారులు ఒక చిక్కు విప్పాలి. తలలు నరికే ఆటవికులని పుస్తకాల్లోకి ఎక్కింది నాగాలు. రెండున్నర నెలల్లో ఈ కొండ మీద వేల మందిని చంపుకున్నవాళ్ళలో ఒకరు టెన్నిస్ ఆడే జాతి, ఇంకొకరు తేనీరు పోయడాన్ని కళగా సాధన చేసే జాతి. మ్యూజియంలో ఈటెల గదిలో ఎవరి బొమ్మలు పెట్టాలో దీన్నిబట్టి తేల్చడం కష్టమే. ఉన్నవాటిని కదపకపోవడమే మేలు.

ఎలాగైతేనేం, యుద్ధం 1944లో అయిపోయింది. పచ్చిక మొలిచింది. పర్యాటకుడికి కావలసింది అలాంటి యుద్ధమే. కానీ టీ కొట్టు దగ్గర పెద్దవాళ్ళు ఎవరైనా కూర్చుంటే ప్యాకేజీలో లేని కబుర్లు మొదలుపెడతారు. 1928లో మద్రాసులో మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు సైమన్ గో బ్యాక్ అంటూ తుపాకీకి గుండె చూపించిన సంగతి మనకు తెలుసు. మరుసటేడు అదే సైమన్ కమిషన్‌కు నాగా క్లబ్బు వాళ్ళు ఒక అర్జీ ఇచ్చారట. మీరు వెళ్ళేటప్పుడు మమ్మల్ని ఎవరి చేతుల్లోనూ పెట్టకండి, పూర్వంలాగే మా మానాన మమ్మల్ని వదిలేయండి అని దాని సారాంశం. పర్యాటక శాఖ నినాదంగా ఇది ఏ మాత్రం పనికిరాదు. ఆ తర్వాత 1958లో వచ్చిన సైన్యపు ప్రత్యేక అధికారాల చట్టం గురించి, కాలిన ఊళ్ళ గురించి, కేంద్రానికీ నాగా తిరుగుబాటుదారులకూ మధ్య కుదిరిన 1997 కాల్పుల విరమణ గురించి, 2015 ఒప్పందం తర్వాత కూడా తెగని చర్చల గురించి చెబుతారు. మనం వాచీ చూసుకుంటాం.

2021లో అయితే మరీ అన్యాయం. డిసెంబరు 4న, పండగ నడుస్తుండగా, మోన్ జిల్లాలో ఓటింగ్ అనే ఊరి దగ్గర బొగ్గు గనుల్లో పని ముగించుకుని ఇంటికి పోతున్న కూలీల బండి మీద సైనికులు తీవ్రవాదులనుకుని కాల్పులు జరిపారు. అక్కడికక్కడే ఆరుగురు పోయారు, తర్వాతి గొడవల్లో ఇంకొందరు. తెగలు తమ మొరుంగ్‌లలో నల్లజెండాలు కట్టాయి, ప్రభుత్వం మిగిలిన పండగను ఆపేసింది. ఆరు నెలల ముందు ఫ్లైట్ టికెట్లు, హోటల్ బుక్ చేసుకున్నవాళ్ళ గతి ఏమిటి? ఈకల కిరీటం పెట్టుకున్నవాళ్ళు తమ వాళ్ళు చచ్చిపోతే ఆట ఆపేస్తారని బ్రోచర్లో ఎక్కడా రాయలేదు.

ఈ విషయంలో మన అరకు చాలా నయం. రిసార్టులో చీకటి పడగానే మంట వేస్తారు, థింసా ఆడతారు, బొంగు చికెన్ వస్తుంది. మన ఆడవాళ్ళు అద్దెకు చీర కట్టుకుని కొప్పులో పూలు పెట్టుకుని ఫొటో దిగుతారు. ఆడేవాళ్ళు పట్టాల గురించి మాట్లాడరు. బాక్సైట్ అనరు. కానుపు నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకెళ్ళే దారుల గురించి చెప్పరు. చెప్పే వీలు మనం ఇవ్వం, పాటకూ పాటకూ మధ్య డీజే పెడతాం. కాబట్టి కోహిమా పర్యాటక అధికారుల్ని ఒక వారం అరకు శిక్షణకు పంపాలని తెలుగు పర్యాటకుల తరఫున కోరుతున్నాం. రానూపోనూ చార్జీలు మేమే చందాలు వేసుకుని ఇస్తాం. జీఎస్టీ బిల్లు మాత్రం తేవాలి. మనం ఇచ్చే పర్మిట్ ఏమీ లేదు గనక, ఆధార్ కార్డు చాలు.