మోరి మీది స్లీపర్ కట్టెకు ఒక విన్నపం

మహారాజరాజశ్రీ స్లీపర్ కట్టె గారికి,

కాజీపేట నుంచి, రోజుకు నాలుగుసార్లు నీ మీద కాలువెట్టి మోరి దాటేటోడు రాసుకునే జాబు. పైన గారు అని రాసిన గని, చిన్నప్పటి సంది నీ మీద కూసొని చాయ తాగినోణ్ని. ఇగ నువ్వనే అంట.

రైలు పట్టాల కింద అడ్డం పరిచే నీకు స్లీపర్ అని పేరు వెట్టినోనికి తెలుగు వచ్చే ఉంటది. మొద్దుకు మొద్దు నిద్ర తప్ప ఇంకేముంటది అనుకున్నడు. నెత్తి మీదికెళ్లి గూడ్సుబండ్లు వోతుంటే నీకు ఏపాటి నిద్ర వట్టిందో మాకెరుకే. పండుకున్నది నువ్వు, టికెట్ కొని స్లీపర్ క్లాసుల గురక వెట్టింది మేము.

మొన్న టేపు వట్టి కొలిచిన. 9 అడుగుల పొడుగు, 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం. 3 ఘనపుటడుగుల పైచిలుకు. ఇసుంటియి మైలు పట్టాకు 1,900 దాకా పరిచేటోళ్లు. అంటే దగ్గర దగ్గర 6,000 ఘనపుటడుగుల కట్టె. అదీ ఒక్కసారితోని వొడిసేదా? ఎండకు, వానకు, చెదలుకు పది పదిహేనేండ్లల్ల మళ్ల మార్చుడే.

1864ల బ్రిటిష్ సర్కారు అటవీశాఖ వెట్టి, బ్రాండిస్ అనే జర్మనాయనను కుర్చీల కూసోవెట్టింది. చెట్ల మీద పాణం కొట్టుకొని కాదు, స్లీపర్లకు కట్టె సాలుతలేదని. కొచ్చిన్ సంస్థానమైతే టేకు దుంగలు మోసుటానికే 1907ల పరంబికులం అడవిలకు ట్రాం బండి వెట్టింది, అది 1963 దాకా నడిచింది. మన దిక్కు గోదారే దుంగలను తెప్ప కట్టి కిందికి మోసింది. కిరాయి అడగలే.

1929ల కాజీపేట–బల్లార్షా పట్టా కలిసి, మద్రాసు నుంచి ఢిల్లీకి సక్కటి దారి వడ్డది. ఆ పట్టా పక్క జిల్లాలనే అడవి రిజర్వు అయింది. ఎవలకు రిజర్వు? గోండాయన గుడిసెకు వాసం కొడితే జుర్మానా, పోడు కొడితే ఎల్లగొట్టుడు. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం తూటాకు వడ్డది ఆ అడవి మీద హక్కు అడిగినందుకే.

నిన్ను కోసినోళ్లను మాత్రం ఎవలూ యాది చెయ్యరు. మిషన్లు రాకముందు గుంత మీద మొద్దు అడ్డం వెట్టి, మీదొకడు, కిందొకడు, నడుమ నిలువెత్తు రంపం. మీదోడు సున్నం గీత చూసుకుంట లాగుతడు. కిందోని కండ్లల్ల, ముక్కుల్ల, నోట్లె పొట్టు. కూలి ఇద్దరికీ సమానమేనా అని అడగకు.

మా తాత నిన్ను రైల్వే వేలంల తెచ్చి మోరి మీద ఏసిండు. నిన్ను దర్వాజ చేపిద్దామని పోయిన నెల ట్రాలీల సామిల్లుకు తీస్కపోయిన. ఆయన నిన్ను వేలుతోని గీకి, "లోపల మేకు ఇరిగి ఉన్నది, నా బ్లేడు పండ్లు పోతయి" అన్నడు. ఆగి, "బిల్లు ఉన్నదా?" అన్నడు. 1996ల సుప్రీంకోర్టు అడవుల్ల అనుమతి లేని సామిల్లులను బందు వెట్టుమన్నది, మంచిదే. మైలుకు 1,900 పరిచిన కాలంల ఈ మాట అడిగినోడు లేడు. నూరేండ్ల ముసలి కట్టెను చూసి అడుగుతున్నరు, నువ్వు ఏ అడవి దొంగవని.

ఎల్లుండి మోరి మీద స్లాబు ఏస్తరట. హైదరాబాద్ నుంచి ఒక డెకరేషన్ ఆయన రెండుసార్లు ఫోన్ చేసిండు, నిన్ను రిసార్టుల డైనింగ్ టేబుల్ చేస్తడట. మేకు తూట్లు పూడ్చొద్దట, అవే అందమట. నీ మీద అద్దం పరిచి, అడవిని కాపాడాలని మాట్లాడుకుంట చికెన్ తింటరు.

ఏ సంగతీ రేపు పొద్దుగాల్లకల్ల చెప్పు. జేసీబీ ముందే వస్తదేమోనని నీకు అడ్డం బండి వెట్టిన.

ఇట్లు,
నీ మీద కాలు జారి రెండుసార్లు మోరిల వడ్డోడు