సెంటర్ స్పీకరు పోయిందన్నారు

మా తోడల్లుడుగారు హోమ్ థియేటర్ కొన్నారు. అయిదు స్పీకర్లు, వాటికి తోడు సోఫాను కూడా వణికించే సబ్ ఊఫర్ ఒకటి. ధర నేను అడగలేదు, ఆయనే నాలుగుసార్లు చెప్పారు. పోయిన ఆదివారం విజయవాడలో వాళ్లింట్లో దాని ప్రారంభోత్సవం. పెసరట్టు ఉప్మా అయ్యింది, అందరూ సోఫాల్లో సర్దుకున్నారు. ఆయన నా వైపు తిరిగి, “తమ్ముడూ, ఎవరూ పెద్దగా చూడని మంచి సినిమా ఒకటి చెప్పు” అన్నారు.

ఈ మాట అంటే నాకు ఒళ్లు తెలియదు. అందరికీ తెలిసిన సినిమా పేరు చెప్పడం నామోషీ. ఒక సంక్రాంతికి ఇదే ఇంట్లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ పెట్టించాను. 1977 నాటి చిత్రం, ప్రేమ్‌చంద్ ‘కఫన్’ దానికి ఆధారం. కఫన్ అంటే శవం మీద కప్పే గుడ్డ. ఆ పండగకు అరిసెలు డబ్బాలోనే ఉండిపోయాయి. అప్పటి నుంచి నన్ను ఎవరూ అడగడం లేదు. ఇన్నాళ్లకు అడిగారు.

“పుష్పక విమానం” అన్నాను. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, కమల్ హాసన్, అమల, 1987, జాతీయ పురస్కారం. అన్నీ చెప్పాను, ఒక్కటి తప్ప. ఆ సినిమాలో ఒక్క సంభాషణ కూడా లేదు. చెప్పడం మరిచిపోయానంటే అబద్ధం అవుతుంది, దాచాను. పది నిమిషాలయ్యాక ఎవరో ఒకరు “అరే, ఇందులో మాటలే లేవే!” అని ఆశ్చర్యపోతారని, అప్పుడు నేను ఏమీ ఎరగనట్టు చిన్నగా నవ్వుతానని ఊహించుకున్నాను. నవ్వు కూడా సిద్ధం చేసుకున్నాను. పేరు వెతికితే రెండు వచ్చాయి, పాతదే పెట్టించాను.

హోమ్ థియేటర్ల సంగతి తెలియనివారి కోసం ఒక మాట. అయిదు స్పీకర్లలో టీవీ కింద మధ్యలో ఉండేదాన్ని సెంటర్ అంటారు. పాత్రల మాటలు చాలావరకు దాంట్లోంచే వస్తాయి. సంగీతం, వీధుల రొద మిగతావాటిలోనూ వినిపిస్తాయి. అంటే ఈ సినిమాకు వైద్యనాథన్ ఇచ్చిన సంగీతం హాయిగా వినిపిస్తూ, బయట ట్రాఫిక్ మోగుతూ, మనుషుల మాట మాత్రం వినబడకపోతే, కాస్త తెలిసిన ఎవరైనా ఒకటే అనుకుంటారు. మా తోడల్లుడుగారికి కాస్త తెలుసు. నా కొంప ముంచింది ఆ కాస్తే.

“సెంటర్ స్పీకరు పోయింది” అన్నారు.

అప్పుడే నోరు విప్పవలసింది. కానీ నేను నవ్వు సిద్ధం చేసుకున్న మనిషిని. ఇంకొక్క నిమిషం చూద్దాం, తెలుసుకుంటారులే అనుకున్నాను. తెర మీద కమల్ హాసన్ తన నాణెం చూపిస్తున్నాడు, పి.ఎల్. నారాయణ వేసిన బిచ్చగాడు నోట్లు తీసి చూపిస్తున్నాడు. మా తోడల్లుడుగారు మాత్రం టీవీ వెనక్కి దూరి తీగలు ఒక్కొక్కటే పీకి పెడుతున్నారు.

“వాళ్ల పెదవులు కూడా కదలడం లేదు కదా, అన్నయ్యగారూ” అని అందించాను. ఇంతకంటే ఎలా చెబుతారు?

ఆయన తల బయటికి పెట్టి తెర వైపు తీవ్రంగా చూశారు. “అవును. అంటే సింకు కూడా తప్పిందన్నమాట” అని మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

మావయ్యగారు వినికిడి యంత్రం తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తీసి బ్యాటరీ మార్చారు. కొత్త బ్యాటరీతో ఆయనకు మొదట వినబడింది అత్తయ్యగారి గొంతు. “ఇంత డబ్బు పోసి కొన్నది మూగనోము పట్టడానికా?” అంటున్నారావిడ. ఆయన యంత్రం తీసి జేబులో వేసుకున్నారు. ఆవిడ నిష్ఠూరమూ న్యాయమే. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మాటలు నేర్చిన తెలుగు సినిమా ఆ తర్వాత గుక్క తిప్పుకోలేదు. తొంభై ఏళ్లుగా చెవులు అలవాటు పడ్డాయి. తెర మీద ఇద్దరు మనుషులు ఎదురుపడి ఏమీ మాట్లాడుకోకపోతే మనవాళ్లు మీట ఎక్కడ ఉందని వెతుకుతారు.

తర్వాత మా తోడల్లుడుగారు కంపెనీకి ఫోన్ చేశారు, స్పీకరు పెట్టి మరీ. “మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం” అని ఒక ఆడగొంతు ఆరుసార్లు చెప్పింది. తెలుగు కోసం మూడు నొక్కమంది. మూడు నొక్కితే హిందీ మాట్లాడే అబ్బాయి వచ్చాడు. కొన్న తేదీ, బిల్లు నంబరు, పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పదిహేను అంకెల నంబరు అడిగాడు. బల్లను గోడకు బిగించేశారు కాబట్టి మా వదినగారు నేల మీద పడుకుని ఫోన్ టార్చితో చదివారు. తెర మీద కమల్ హాసన్ పెద్ద హోటల్లో నిశ్శబ్దానికి నిద్రపట్టక దొర్లుతున్నాడు. తన పాత గది పక్కనున్న సినిమాహాలు రొద రికార్డు చేసి తెచ్చుకుని, అది వింటూ నిద్రపోతాడు. ఎంత గొప్ప ఘట్టం! ఆ రొదలో దెబ్బలాట చప్పుళ్లు వినబడగానే మా తోడల్లుడుగారు “వచ్చింది, వచ్చింది!” అని ఫోన్లో అరిచారు. రాలేదని తేలాక నా వైపు చూశారు, నేనేదో చేశానన్నట్టు.

అప్పుడు ఆ అబ్బాయి, ఆ సాయంత్రం మొత్తం మీద తెలివైన ప్రశ్న ఒకే ఒక్కటి అడిగాడు. “సార్, వేరే సినిమా పెట్టి చూశారా?”

నా గుండె ఆగింది.

“సినిమాలో ఏ లోపమూ లేదు” అన్నారు మా తోడల్లుడుగారు గట్టిగా. “మా తమ్ముడు చెప్పిన సినిమా అది. ఆయనకు సినిమాలు బాగా తెలుసు.”

పన్నెండేళ్ల చుట్టరికంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఎల్‌ఐసీ పాలసీ దగ్గర నుంచి బియ్యం రకం దాకా నేను చెప్పినదేదీ నమ్మని మనిషి, ముక్కూ మొహం తెలియని ఒకరి ముందు నా రుచికి పూచీ పడ్డారు. ఆ పూచీని ఆ క్షణంలో కాలరాసే ధైర్యం నాకు లేదు. ఎవరికి ఉంటుంది? చెట్నీ గిన్నెలో చూస్తూ కూర్చున్నాను. ఫిర్యాదు నమోదైంది. ఆ నంబరును ఎవరిదో శుభలేఖ వెనక రాసుకున్నారు. మెకానిక్ మంగళవారం వస్తాడు, వచ్చినందుకు 350 రూపాయలు, సమస్య ఉన్నా లేకపోయినా.

అంతా అయ్యాక, ఏడో తరగతి చదివే వాళ్లమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తింది. “నాన్నా, ఇందులో అసలు మాటలే ఉండవట. కావాలనే అలా తీశారట. బాబాయ్, మీకు తెలుసా?”

అందరూ నా వైపు తిరిగారు. సిద్ధం చేసుకున్న నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. “తెలుసు” అన్నాను. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

రద్దు చేయడానికి ఫోన్ చేస్తే, నమోదైన ఫిర్యాదు రద్దు కాదన్నారు. మంగళవారం మెకానిక్ వచ్చాడు. స్పీకరు బ్రహ్మాండంగా ఉందన్నాడు. 350 రూపాయల రసీదు ఫొటో నాకు చేరింది, కింద ఒక్క అక్షరం లేకుండా. మాటలు లేకుండా భావం పలికించడం ఆయనకూ తెలుసు.

నిన్న రాత్రి ఆయనే ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, జాలి ఉంది.

“తమ్ముడూ, మాటలున్న పుష్పక విమానం దొరికింది. అదే పేరు, దాని పక్కనే ఉంది. 2021 అని వేశారు. హీరో బడిపంతులు, పెళ్లైన కొత్తలోనే పెళ్లాం వెళ్లిపోతుంది. ఒక్కొక్క మాట గంట కొట్టినట్టు వినిపించింది. కమల్ హాసన్ మాత్రం ఎక్కడా కనబడలేదు. సరేలే, అదొక్కటే లోటు. నువ్వు పెట్టించినది పాత ప్రింటు అయి ఉంటుంది.”