ద్రోణుడు దీపం ముందు కూర్చోబెట్టలేదు

వారం రోజులుగా విశాఖ ఎంవీపీ కాలనీలో పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించింది. మీ పిల్లలకూ ఆ చూపు రావాలంటే రోజూ పది నిమిషాలు రెప్ప వేయకుండా దీపాన్ని చూడమనండి. ఆటలో బంతి మీంచి చూపు తిప్పనివ్వకండి. నెల తిరిగేసరికి టెన్షన్ పోతుంది, ఏ ఆటైనా వచ్చేస్తుంది."

నేను ఇక్కడ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను. మొన్న ఒకావిడ వచ్చి, "ప్రాక్టీసు కాస్త తగ్గించి దీపం ముందు కూర్చోబెడదామనుకుంటున్నాం సార్" అన్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు అర్జునుడి సంగతి. ద్రోణుడు "ఏం కనిపిస్తోంది?" అని అడిగింది విల్లు ఎక్కుపెట్టించాకే. జవాబు విన్న వెంటనే కొట్టమన్నాడు, బాణం వెళ్లిపోయింది. ఆ చూపు బాణం వేసే పనిలో భాగం.

పరిశోధన కూడా అదే చెబుతోంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు జోన్ వికర్స్ బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి రింగులోకి వేసే బంతి) వేసేవాళ్ల కంటి కదలికలను కొలిచి 1996లో ప్రచురించారు. బాగా వేసేవాళ్ల చూపు, బంతి వదిలే కదలిక మొదలవకముందే రింగ్ మీద ఒక చోట కుదురుకుని సుమారు ఒక సెకను నిలిచింది. అంత గురి లేనివాళ్ల చూపు అంతసేపు నిలవలేదు. ఈ నిలకడకే క్వైట్ ఐ అని పేరు. ఇంకో సంగతి చూడండి: బంతి పైకి లేచి కంటికి అడ్డొచ్చేసరికి ఆ మేటి ఆటగాళ్లు రెప్ప వేశారు, లేదా చూపు పక్కకు తిప్పారు. రెప్ప వేయకుండా ఉండటంలో గొప్పేమీ లేదు.

"బంతి మీంచి చూపు తిప్పొద్దు" అన్నది క్రికెట్‌లోనూ నిలవదు. గంటకు 140 కిలోమీటర్ల బంతి అర సెకను లోపే బ్యాటర్‌ని చేరుతుంది. మైఖేల్ లాండ్, పీటర్ మెక్‌లాయిడ్ అనే పరిశోధకులు 2000లో ముగ్గురు బ్యాటర్ల కళ్లను గమనించారు. బౌలర్ చేతి నుంచి బంతి వదలడం చూసి, వాళ్ల చూపు బంతి కంటే ముందే అది నేలను తాకే చోటికి దూకింది. ఆట బాగా వచ్చినవాళ్ల చూపు ఇంకా ముందుగా దూకింది. మన మధురవాడ స్టేడియంలో ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు గుర్తుచేసుకోండి.

ఏ ఆటైనా వచ్చేస్తుందా? రాదు. గోల్ఫ్‌లో పుట్ చేసేటప్పుడు, అంటే బంతిని గుంతలోకి మెల్లగా కొట్టేటప్పుడు, చూపు నిలపాల్సింది బంతి మీద, ఫ్రీ త్రోలో రింగ్ మీద. దేనికి దానికే నేర్వాలి.

టెన్షన్ విషయంలో మాత్రం మెసేజ్‌లో సగం నిజం ఉంది. మార్క్ విల్సన్ బృందం 2009లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లపై ఒత్తిడి పెంచి చూస్తే, ఆ నిలకడ చూపు కుంచించుకుపోయింది, గురీ తగ్గింది. చూపుకు శిక్షణ ఇస్తే ఫలితం ఉంటుంది. వికర్స్ శిక్షణ ఇప్పించిన ఒక విశ్వవిద్యాలయ మహిళల జట్టు ఫ్రీ త్రోల్లో రింగులో పడేవి 54 శాతం నుంచి 76 శాతం దాటాయి. కానీ అందుకు రెండు సీజన్లు పట్టింది, సాధన అంతా ఫ్రీ త్రో మీదే జరిగింది.

మా దగ్గర పన్నెండేళ్ల పాప ఒకతి ఉంది. మ్యాచ్‌లో ఫ్రీ త్రో రాగానే కళ్లు స్కోరుబోర్డుకి, వాళ్ల నాన్న వైపుకి, నా వైపుకి పరిగెత్తేవి. ఇప్పుడు మూడుసార్లు బంతి కొట్టి, తలెత్తి, రింగ్ ముందు అంచు మీద చూపు ఆపి, "ఒకటి, రెండు" అని లోపల అనుకుని వేస్తుంది. సముద్రం గాలి తోసే సాయంత్రాల్లోనూ అదే వరస.

ఇంకొకటి, నా తప్పే. పాస్ పట్టుకోలేకపోతున్న ఒక బాబుని "చూపు నిలపరా" అని నెలల తరబడి కసిరాను. పరీక్ష చేయిస్తే సైట్ మైనస్ రెండు. బంతి జారవిడిచే పిల్లల్ని ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దీపం కోసం ప్రాక్టీసు మాత్రం తగ్గించకండి.