పాప్‌కార్న్ సంచికి లోపల ఏం పూశారు?

మైక్రోవేవ్ పాప్‌కార్న్ తింటే ఊపిరితిత్తులు పాడవుతాయన్న హెచ్చరిక వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంది. అది పుట్టుకొచ్చిన చోటు మాత్రం ఆ సందేశాల్లో కనబడదు. అక్కడ జబ్బుపడింది ఇంట్లో కూర్చుని పాప్‌కార్న్ తిన్నవాళ్లు కాదు, దాన్ని తయారుచేసిన కార్మికులు.

2000 మే నెలలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర ఆరోగ్యశాఖకు ఒక సమాచారం అందింది. జాస్పర్ అనే చిన్న ఊళ్లోని మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో అంతకుముందు పనిచేసిన ఎనిమిది మందికి ఒకే రకం జబ్బు: బ్రాంకియోలైటిస్ ఆబ్లిటెరాన్స్. ఊపిరితిత్తుల్లోని అతి సన్నని గాలిగొట్టాలు మచ్చలుకట్టి మూసుకుపోతాయి. అలా మూసుకున్నవాటిని మళ్లీ తెరిచే మందు లేదు. ఆ ఎనిమిది మందిలో కొందరు అప్పటికే ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూస్తున్నారు. వృత్తిపరమైన ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియాష్ రంగంలోకి దిగి, ఫ్యాక్టరీలో అప్పుడు పనిచేస్తున్నవాళ్లను పరీక్షించింది. ఊపిరి సరిగా ఆడని సమస్య మామూలు జనంలో ఉండాల్సినదానికంటే వాళ్లలో 3.3 రెట్లు ఎక్కువగా కనిపించింది. జన్మలో సిగరెట్ ముట్టనివాళ్లలో అది 10.8 రెట్లు. ‘పొగ తాగడం వల్ల వచ్చిందేమో’ అని తప్పించుకునే దారిని ఈ రెండో అంకె మూసేసింది.

కారణంగా తేలింది వెన్న రుచి కోసం కలిపే డయాసిటైల్. అసలు వెన్నలోనూ ఇది కొద్దిగా ఉంటుంది. తినడానికి సురక్షితమేనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఎప్పుడో ఒప్పుకుంది. తింటే ఏమవుతుందో చూశారు గానీ, వేడి నూనె తొట్టి పక్కన నిలబడి షిఫ్టు పొడుగునా దాని ఆవిరి పీల్చేవాడికి ఏమవుతుందో ఎవరూ చూడలేదు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. కడుపులోకి వెళ్లేదానికి ఒక చట్టం, ఊపిరిలోకి వెళ్లేదానికి మరో చట్టం. ఆ రెంటి మధ్య సందులో మనుషులు పడిపోయారు.

తినేవాళ్లకు అసలు ముప్పే లేదా అంటే, బాగా తెలిసిన ఉదంతం ఒకటుంది. 2007లో డెన్వర్‌లోని ఒక ఊపిరితిత్తుల నిపుణురాలు తన రోగి గురించి ఎఫ్‌డీఏకు లేఖ రాశారు. ఆయన ఏళ్ల తరబడి రోజూ వెన్న రుచి పాప్‌కార్న్ తిన్నవాడు, సంచి విప్పగానే వచ్చే ఆవిరిని ఇష్టంగా పీల్చేవాడు. 2012లో కోర్టు జ్యూరీ ఆయనకు 70 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఎప్పుడో ఒకసారి ఒక ప్యాకెట్ తినేవాళ్లు దీన్ని చూసి బెంబేలు పడాల్సిన పనిలేదు. 2007 చివరికల్లా అమెరికాలోని పెద్ద కంపెనీలు డయాసిటైల్ వాడకం ఆపేస్తామన్నాయి కూడా. అయితే దాని బదులు కొన్నిచోట్ల వాడిన 2,3-పెంటేన్‌డయోన్ కూడా ఎలుకల ఊపిరి గొట్టాలను దెబ్బతీసింది. అందుకే 2016లో నియాష్ రెండింటికీ విడివిడిగా పరిమితులు సూచించింది. పనిచేసే చోట గాలిలో డయాసిటైల్ వంద కోట్ల భాగాలకు 5 భాగాలు దాటకూడదు, రెండోది 9.3 దాటకూడదు.

ఇక ఇంట్లో తినేవాళ్లు నిజంగా పట్టించుకోవాల్సింది సంచి గురించి. కాగితం సంచిలో నూనె, గింజలు కలిపి అంత వేడికి గురిచేస్తే నూనె బయటికి కారాలి. కారకుండా ఉండటానికి చాలాకాలం పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాల పూత వాడారు. ఇవి ప్రకృతిలో విచ్ఛిన్నం కావు, ఒంట్లోంచి కూడా అంత తొందరగా పోవు. అమెరికాలో 2003–2014 మధ్య సేకరించిన 10 వేల మందికి పైగా వ్యక్తుల ఆహార, రక్త వివరాలను విశ్లేషించిన పరిశోధన 2019లో వెలువడింది. పాప్‌కార్న్ ఎక్కువగా తిన్నవాళ్ల రక్తంలో ఈ రసాయనాల్లో కొన్ని ఎక్కువగా కనిపించాయని అది చెప్పింది. ఇది సంబంధాన్ని చూపించే పరిశోధనే, కారణాన్ని రుజువు చేసేది కాదు. అయినా తేలిగ్గా తీసుకోలేం. ఈ కుటుంబానికే చెందిన పీఎఫ్‌ఓఏను ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. డెన్మార్క్ 2020లోనే ఆహారం చుట్టే కాగితాల్లో పీఫాస్‌ను నిషేధించింది. నూనె పీల్చని కాగితం కోసం వాడే పీఫాస్ అమ్మకాలు తమ దేశంలో ఆగిపోయాయని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ప్రకటించింది.

మన దగ్గర ఏ ప్యాకెట్ తిప్పి చూసినా గింజలు, నూనె, ఉప్పు, రంగు వివరాలు ఉంటాయి. సంచికి లోపల ఏం పూశారో ఉండదు. 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ ఉప్పు పాప్‌కార్న్‌కు ఒక పన్ను, కారమెల్ పాప్‌కార్న్‌కు ఇంకో పన్ను అని చెబితే దేశమంతా రోజుల తరబడి చర్చించుకుంది. ఆ శ్రద్ధలో కొంచెమైనా సంచి మీద పెట్టాల్సింది. ‘మా సంచిలో పీఫాస్ లేదు’ అని తయారీదారు ప్యాకెట్ మీద రాయాలని అడగడం కొనేవాళ్ల హక్కు.

మన కిరాణా కొట్లలో వేలాడేవాటిలో ఎక్కువ భాగం కుక్కర్‌లోనో బాణలిలోనో చేసుకునే చిన్న ప్యాకెట్లే. వాటికి సంచి బెడద లేదు. కానీ గడ్డకట్టిన నూనె, ఉప్పు ముందే కలిపి ఉంటాయి, ఎంత వేయాలన్నది మన చేతిలో ఉండదు. చాలావాటిలో పామాయిలే. రక్తపోటు ఉన్నవాళ్లు వెనక సోడియం అంకె చూసుకోవాలి.

గింజ మాత్రం మంచిదే. పేలే మొక్కజొన్న గింజలో సుమారు 14 శాతం తేమ ఉంటుంది. వేడి 180 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి లోపలి ఆవిరి ఒత్తిడికి గట్టి పొట్టు పగిలి గింజ విచ్చుకుంటుంది. మామూలు మొక్కజొన్న గింజలు ఇలా పేలవు, కాబట్టి కొట్లో పాప్‌కార్న్ గింజలనే అడగాలి. తెచ్చాక గాలి చొరని డబ్బాలో పెట్టాలి, తేమ పోతే సగం గింజలు అడుగునే మిగిలిపోతాయి. నూనె లేకుండా పేల్చితే 100 గ్రాములకు దాదాపు 15 గ్రాముల పీచు ఉంటుంది. తొలి ఏకాదశికి పేలాల పిండి చేసుకునే మన ఇళ్లలో గింజలు పేల్చడం కొత్త విద్యేమీ కాదు.

మందపాటి అడుగున్న స్టీలు గిన్నెగానీ ఇనుప బాణలిగానీ తీసుకోండి. నాన్‌స్టిక్ వద్దు, ఎక్కువ వేడికి ఆ పూత నుంచీ పొగలొస్తాయి. రెండు చెంచాల వేరుశనగ నూనె, చిటికెడు పసుపు వేసి మూడు గింజలు వదలండి. అవి పేలాక గుప్పెడు గింజలు వేసి, ఆవిరి పోయేంత సందు ఉంచి మూతపెట్టి గిన్నెను కదుపుతూ ఉండండి. చప్పుళ్ల మధ్య రెండు మూడు సెకన్ల ఎడం రాగానే దించేయాలి. కుక్కర్ వాడితే రబ్బరు, విజిల్ తీసేసి మూతను ఊరికే పైన పెట్టాలి, బిగించకూడదు. ఉప్పు చివర్లో, మెత్తగా పొడిచేసి చల్లితే తక్కువతోనే సరిపోతుంది. కరివేపాకు కారం, నువ్వుల పొడి, కాస్త నెయ్యి, ఎవరిష్టం వాళ్లది. మైక్రోవేవ్‌లోనే కావాలంటే గాజు గిన్నెలో గింజలు పోసి, పైన మైక్రోవేవ్‌కు పనికొచ్చే పళ్లెం మూయండి. కూరగాయలు తెచ్చిన ఖాకీ కాగితం సంచిని మాత్రం లోపల పెట్టొద్దు, నిప్పంటుకోవచ్చు.

నాలుగేళ్లలోపు పిల్లలకు ఇది ఏ రూపంలోనూ పెట్టకండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పే మాట అది. పేలని గింజ, పొట్టు ముక్క చిన్న గొంతులో ఇరుక్కుంటాయి.