నేర్పిందెవరు? లైసెన్సు ఇచ్చిందెవరు?

హైవే మీద ప్రాణం పోయిన ప్రతిసారీ అధికారుల నోట ఒకటే మాట: డ్రైవరు నిర్లక్ష్యం. ఎఫ్ఐఆర్‌లో అదే ఉంటుంది, మర్నాడు పరామర్శకు వచ్చిన నాయకుడూ అదే అంటాడు. శ్రీకాకుళం జిల్లాలో పైడిభీమవరం నుంచి ఇచ్ఛాపురం దాకా, విజయనగరం నుంచి సాలూరు దాకా ఈ మాట వినీ వినీ జనం విసిగిపోయారు. ఆ డ్రైవరుకు బండి నడపడం నేర్పిందెవరు, ఎన్ని గంటలు నేర్పారు, వచ్చిందో లేదో చూసి లైసెన్సు ఇచ్చిందెవరు అని అడిగే అధికారి మాత్రం కనిపించడు.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణ జరిగింది. సిగ్నల్ దగ్గర రైలు సిబ్బంది నిబంధనలు పాటించారా లేదా అన్నదే అందులో ముఖ్యమైన ప్రశ్న అయింది. అడగాల్సిన ప్రశ్నే, అడిగారు. రోడ్డు మీద అంతమందీ ఒక్క రాత్రిలో పోరు కాబట్టి, ఇద్దరూ ముగ్గురూ చొప్పున పోతారు కాబట్టి, పంచనామా, పోస్టుమార్టం, ఎక్స్‌గ్రేషియాతో ఫైలు మూసేస్తున్నారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం బైకులు, స్కూటర్ల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేక చనిపోయినవారే 50,029 మంది.

అత్యధికంగా చనిపోతున్న ఈ బైకువాళ్లకు మనం ఇస్తున్న శిక్షణ ఏమిటి? ఏమీ లేదు. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారికిచ్చే తాత్కాలిక లైసెన్సు) తీసుకుని నెల రోజులు ఆగితే చాలు. ఆ నెలలో ఊరి చివర ఖాళీ జాగాలో అన్నో, స్నేహితుడో వెనక కూర్చుని ‘క్లచ్ నెమ్మదిగా వదలరా’ అంటాడు. అదే శిక్షణ, వాడే గురువు. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేస్తే పాస్. నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో తిరిగే ఆ ఎనిమిదికీ, నరసన్నపేట దాటాక ఖాళీ రోడ్డు మీద 80 మీద పోయే బండికీ ఏం సంబంధం? ఆ వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందున్న లారీ కదలడం లేదని మనసుకు తట్టి, కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే ఆ 22 మీటర్లు అయిపోతాయి. ఇది ఎవరో ఒకరు పక్కనుండి చూపిస్తే తప్ప తెలిసేది కాదు. చీకట్లో పార్కింగ్ లైట్లు వేయకుండా డాబా ముందు ఆపిన లారీ, రిపేరు వచ్చి వెనకాల చెట్టుకొమ్మ పడేసి వదిలేసిన ట్రాక్టరు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, యూటర్న్ దాకా వెళ్లలేక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే స్కూటరు... ఇవి మన రోడ్ల మీద రోజూ ఎదురయ్యేవి. ఆ ఎనిమిదిలో వీటిలో ఒక్కటీ లేదు.

కారు సంగతి కొంత మేలు అనుకుంటే పొరపాటు. డ్రైవింగ్ స్కూళ్లు కారు నేర్చుకునేవారికి కనీసం 21 రోజులు, అందులో పది గంటలు బండి నడిపించాలని, రవాణా వాహనాలకైతే 30 రోజులు, 15 గంటలు ఉండాలని 1989 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. స్టీరింగ్ మాత్రం పట్టనిచ్చి, బ్రేకూ క్లచ్చూ మాస్టారే తన కాళ్ల కింద ఉంచుకుని, అలవాటైన నాలుగు వీధుల్లో తిప్పి వదిలేసే స్కూలు ఏ ఊళ్లో లేదు? రాత్రిపూట, వానలో, హైవే మీద ఒక్కసారైనా నడిపించిన స్కూళ్లెన్ని? రిజిస్టర్లలో గంటలు మాత్రం పక్కాగా నిండుతాయి. వాటిని తనిఖీ చేయాల్సిన శాఖే లైసెన్సులూ ఇస్తుంది, ప్రమాదం జరిగాక బండి బ్రేకులు పరీక్షించి నివేదికా ఇస్తుంది. తాను ఇచ్చిన లైసెన్సును మాత్రం పరీక్షించుకోదు.

రవాణా వాహన డ్రైవర్లకు ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న షరతును కేంద్రం 2019లో తీసేసింది. చదువు లేని పేదవాడికి ఉపాధి దొరకాలి, దానికి బదులు శిక్షణ, నైపుణ్య పరీక్ష గట్టిగా ఉంటాయి అని చెప్పింది. షరతు వెంటనే పోయింది, గట్టి శిక్షణ మన పల్లెల దాకా ఇంకా రాలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని తేల్చింది. వేలాది డ్రైవర్ల బతుకుతెరువు చూసిన తీర్పు అది, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ సొంత కారుకీ, కూలీలను ఎక్కించుకునే వ్యానుకీ ఇప్పుడు ఆధారం అదే కార్డు. ఆ కార్డు ఎలా ఇస్తున్నారన్నది ఇంకెంత జాగ్రత్తగా చూడాలి! తెల్లవారుజామున పనులకు వెళ్లే ఆడవాళ్లతో కిక్కిరిసిన ఆటోను చూడండి. డ్రైవరు సీటులోనే అటొకరు ఇటొకరు కూర్చుంటే హ్యాండిల్ తిప్పడానికి అతని మోచెయ్యి ఆడదు. అలా ఎక్కించుకుంటే మలుపులో ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. చలానా రాసే కానిస్టేబులు కూడా చెప్పడు.

శిక్షణతో ప్రమాదాలు తగ్గుతాయన్న గ్యారంటీ లేదని, విదేశాల్లో స్కూలు పిల్లలకు డ్రైవింగ్ పాఠాలు చెబితే లైసెన్సులు త్వరగా తీసుకున్నారే తప్ప ప్రమాదాలు తగ్గినట్టు తేలలేదని పరిశోధకులు అనడం నిజమే. కానీ అక్కడ కఠినమైన పరీక్ష ముందే ఉంది. న్యూజిలాండ్ 1987లోనే కొత్త డ్రైవర్లు రాత్రిపూట ఒంటరిగా నడపకుండా ఆంక్షలు పెట్టి దశలవారీ లైసెన్సు తెచ్చింది. వాళ్లు పైకప్పు ఎలా ఉండాలో చర్చిస్తున్నారు, మనకు పునాదే లేదు.

అయినా జరిమానాలకు లోటు లేదు. హెల్మెట్ లేకపోతే వెయ్యి, లైసెన్సు లేకపోతే ఐదు వేలు, మైనరుకు బండి ఇస్తే తండ్రికో యజమానికో 25 వేలతో పాటు మూడేళ్ల దాకా జైలు. 2019 సవరణ చట్టం ఇంత కఠినంగా ఉన్నా జూనియర్ కాలేజీల బయట బైకుల వరస ఎందుకు తగ్గలేదు? పదహారేళ్ల పిల్లాడికి చట్టం అనుమతించేది గేరు లేని 50 సీసీ బండిని. అలాంటివి షోరూముల్లో దాదాపు కనిపించవు. ఇంటర్‌లో చేరాడని 125 సీసీ బండి కొనిచ్చి, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టుకునే తల్లిదండ్రులు ఆస్పత్రి మార్చురీ దగ్గర ఎవరిని తిడతారు? నేర్పని తప్పు ప్రభుత్వానిదైతే, నేర్పకుండా తాళం చేతిలో పెట్టిన తప్పు మీది కాదా?

2012 నవంబరు 2న కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు రణస్థలం సమీపంలో ఇదే రహదారి మీద, కారు ట్యాంకరును ఢీకొని మరణించారు. శ్రీకాకుళం జిల్లా అంతా ఏడ్చింది. ఆ తర్వాత రోడ్డు వెడల్పయింది, బండ్ల వేగం పెరిగింది. నేర్పే పద్ధతి అక్కడే ఉండిపోయింది.

కావాలంటే చేయలేని పని కాదిది. గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల నిబంధనలు 2021 జులై నుంచి అమల్లో ఉన్నాయి. తేలికపాటి వాహనానికి 29 గంటలు, భారీ వాహనానికి 38 గంటలు, సిమ్యులేటరూ ట్రాకూ ఉండాలి. విజయనగరంలో ఆర్టీసీకి సిబ్బంది శిక్షణ కళాశాల ఉంది. బస్సు డ్రైవరుకు నేర్పగలిగిన చోట ఆటో డ్రైవరుకు వారాంతాల్లో నేర్పలేరా? బైకుకు కూడా కొన్ని గంటల శిక్షణ తప్పనిసరి చేయమని రాష్ట్రం కేంద్రాన్ని అడగకూడదా?

ముందుగా ఒక పని చేయాలి. కలెక్టర్ల అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీలు ఉన్నాయి. ప్రతి ప్రమాదం వివరాలనూ పోలీసులు ఐరాడ్ యాప్‌లో ఎక్కిస్తున్నారు. ప్రాణం పోయిన ప్రతి కేసులోనూ డ్రైవరు లైసెన్సు ఏ కార్యాలయం ఇచ్చింది, ఎప్పుడిచ్చింది, ఏ స్కూలులో ఎన్ని గంటలు నేర్చుకున్నాడు అన్న వివరాలతో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కమిటీలూ వచ్చే సమావేశంలో ఒక పట్టిక పెట్టాలి, దాన్ని జనానికి చూపించాలి. అది చేయలేని అధికారులు భద్రతా మాసోత్సవాల పేరుతో స్కూలు పిల్లలను ఎండలో నిలబెట్టి, వాళ్ల చేతికి ప్లకార్డులిచ్చి ఫొటోలు దిగడం ఇకనైనా మానుకోవాలి.