అలకపాన్పు ఎక్కిన వైఫై కార్డుగారికి

మహారాజశ్రీ మా ల్యాప్‌టాప్ వైఫై కార్డుగారికి, తమరిని అల్లుడిగా తెచ్చుకుని నిలుపుకోలేక అవస్థపడుతున్న మామ వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ కీబోర్డు, తెర, టచ్‌ప్యాడ్, స్పీకర్లు అందరూ క్షేమం. విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ ఎక్కించిన తొలి నిమిషం నుంచే ఎవరి పనిలో వారు పడ్డారు. తమరితో ఒకే పలక మీద కాపురముంటున్న తమ్ముడు బ్లూటూత్ కూడా మారుమాట లేకుండా కలిసిపోయాడు. అలిగినది తమరొక్కరే.

ఈ సంబంధం మేము సరదాకు కలుపుకున్నది కాదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. 2016లో కొన్న మా ప్రాసెసరు విండోస్ 11 అంగీకరించే జాబితాలో లేదు. నిక్షేపంగా నడుస్తున్న యంత్రాన్ని పాతసామాన్లవాడికి తూకానికి వేయడానికి మనసొప్పక, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ నింపి, ముందుగా లైవ్ పద్ధతిలో తెరిచాను. డిస్కును తాకకుండానే అన్నీ పరీక్షించుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. ఒక రకంగా పెళ్ళిచూపులే. నేనేమో తెర మీద కొండల బొమ్మ చూసి మురిసిపోయి, నెట్ వస్తున్నదా అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగకుండా తాంబూలాలు పుచ్చేసుకున్నాను. ఆ తప్పు నాదే. తరువాత డిస్కులో భాగపంపకాలు జరిగాయి. పాత ఫైళ్ళ కోసం విండోస్‌కు సగం వదిలి, మిగతా సగం లినక్స్ పేర వ్రాశాను. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు కూడా ఇంత ప్రశాంతంగా పడి ఉండదు.

యంత్రం తిరిగి లేచింది. లోపలి పరికరాల జాబితా అడిగితే తమరి పేరు స్పష్టంగా ఉంది, కానీ ఆ పేరు కింద తమరిని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాము లేదు. డ్రైవర్ కావాలంటే నెట్ ఉండాలి; నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత వెనకటివారు తమరిని చూసే పుట్టించారేమో!

ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు జాబితా నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. అంతటి లినక్స్‌కు మా హాల్లో గోడకు వేలాడుతున్న రౌటరు కనబడలేదు. చివరికి ఆదుకున్నది ఫోను. తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోను నెట్‌ను ఆ తీగ గుండా పంచే యూఎస్‌బీ టెథరింగ్ నొక్కగానే నెట్ పరుగెత్తుకుంటూ వచ్చింది. విడ్డూరమేమిటంటే, ఆ ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెలే. అక్కడి వైఫై చిప్పు అలగదు. ఎందుకంటే దానికి కావలసిన డ్రైవరును ఫోను తయారుచేసినవారే సర్దిపెట్టి పంపుతారు. తమరి పుట్టింటివారు మాత్రం విండోస్‌కు సారె కట్టి పంపి, లినక్స్ గడపకు వచ్చేసరికి వట్టిచేతులు చూపారు.

ఇక తమరి కోరికల జాబితాకు వద్దాం. వెనకటి అల్లుళ్ళు వాచీతోనో సైకిలుతోనో అలకపాన్పు దిగేవారు. తమరు మొదట ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ అడిగారు. తరువాత కెర్నెల్‌కు తగినట్టు డ్రైవర్‌ను అల్లడానికి కావలసిన ఫైళ్ళు, అంటే కెర్నెల్ హెడర్లు అడిగారు. అవైనా ఏవో ఒకటి కావు, నడుస్తున్న కెర్నెల్ సంఖ్యతో చివరి అంకె వరకు సరిపోలినవే కావాలన్నారు. అన్నీ సమకూర్చి డ్రైవర్ అల్లిస్తే, గుమ్మంలో యంత్రం లేచేటప్పుడు కాపలా కాసే సెక్యూర్ బూట్ అడ్డుపడి, డిజిటల్ సంతకం లేని మాడ్యూలును, అంటే ఆ డ్రైవరును, లోపలికి రానివ్వనన్నది. దానికొక తాళంచెవి నమోదు చేయాలట. ముందుగా సంకేతపదం పెట్టుకుని, యంత్రాన్ని ఆపి లేపితే నీలితెర వస్తుంది. పది సెకన్లలోపు ఏదో ఒక మీట నొక్కాలి. ఆ పది సెకన్లలో నేను వంటింట్లో కాఫీ కలుపుకుంటున్నాను. ముహూర్తం దాటిపోయింది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టి, ఈసారి కుర్చీలోంచి కదలకుండా కూర్చున్నాను.

తమరి జాతి అలక కొత్తదేమీ కాదు. కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము, ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న కారణంతో, డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసే పెద్దలు దానిని చాలాకాలం అధికారిక ఇన్‌స్టాలర్ బయటే ఉంచారు. వినియోగదారులు దానిని వేరే పెన్‌డ్రైవ్‌లో మోసుకురావలసివచ్చేది. 2022లో ఓటు వేసుకుని మరీ ఆ నియమం సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ లోపలే దొరుకుతున్నది. సిద్ధాంతాన్ని వంచి పీట వేశారంటే అల్లుడి మర్యాద ఎంతటిదో చూడండి. తమరికి ఆ పీట కూడా చాలలేదు.

తమరికి నిజంగా ఒంట్లో బాగాలేదేమోనని ఒకసారి విండోస్‌లోకి వెళ్ళి చూశాను. పుట్టింట్లో తమరు హాయిగా కాలు మీద కాలు వేసుకుని, పక్కింటి రౌటర్లను సైతం పేరుపేరునా పలకరిస్తున్నారు. గడియారం మాత్రం అయిదున్నర గంటలు వెనక్కి పోయింది. లినక్స్ యంత్రం గడియారంలో ప్రపంచ ప్రామాణిక సమయం వ్రాస్తుంది, విండోస్ దానినే మన సమయమనుకుంటుంది; ఈ ఇద్దరు వియ్యంకుల మాటపట్టింపులో ఉదయం ఆరు గంటలకు నేను అర్ధరాత్రి పన్నెండున్నరలో ఉన్నాను. ఆ లెక్కన ఆ రోజు రాహుకాలం ఎప్పుడు పడిందో పంచాంగకర్తలు కూడా చెప్పలేరు.

ఎట్టకేలకు తమరు కరుణించారు. పది రోజులు కాపురం సజావుగా సాగింది. పదకొండవ రోజు కొత్త కెర్నెల్ వచ్చింది, దాని హెడర్లు రాలేదు, తమరు మళ్ళీ పాన్పు ఎక్కారు. ఆ హెడర్లేవో తెచ్చి బ్రతిమాలి దించాను.

ఈ ఉత్తరం వ్రాస్తుండగా తెర మూలన ఇంకో కెర్నెల్ సిద్ధంగా ఉన్నదని కబురు వచ్చింది. నేను “తరువాత” అన్న బొత్తాం నొక్కాను. ఫోను తీగను మాత్రం బల్ల సొరుగులో పెట్టకుండా చేతికందేలా ఉంచుకున్నాను.

ఇట్లు,
తమరి మామగారు