కంపేరబుల్ పెడితే పానిక్ రాదా? ఎవరు చెప్పారు?

గో ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల ఏ గ్రూపు తెరిచినా అదే ఫార్వర్డ్: ‘గో జెనరిక్స్ రహస్యాలు, సీనియర్లు కూడా చెప్పరు’. చెప్పరు మరి. సగం తప్పైతే ఎలా చెప్తారు? (జెనరిక్స్ అంటే ఒకే కోడ్‌ని ఎన్నో టైపులకి పనికొచ్చేలా రాయడం; ఏ టైపులు రావచ్చో చెప్పే షరతు కన్‌స్ట్రెయింట్.)

కంపేరబుల్ (== తో పోల్చగలిగే టైపులే రావాలనే షరతు) అని పెడితే < కూడా పనిచేస్తుందట. చేయదు. ==, != అంతవరకే. పెద్దా చిన్నా తేల్చాలంటే గో 1.21 వెర్షన్‌లో వచ్చిన ఆర్డర్డ్ కన్‌స్ట్రెయింట్ వాడుకోండి.

ప్రతి టైపుకీ కంపైలర్ విడిగా ఒక కాపీ తయారుచేస్తుందట. గో టీమ్ ఇచ్చే కంపైలర్‌లో పాయింటర్ టైపులన్నీ ఒకే కోడ్ పంచుకుంటాయి, తేడాలు ఒక డిక్షనరీలో వెళ్తాయి. ఇది తెలియకపోయినా కొంపలేం మునగవు.

ముంచేది మూడోది: ‘కంపేరబుల్ ఉంటే == దగ్గర పానిక్ (ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ కూలడం) రమ్మన్నా రాదు, కంపైలర్ గ్యారంటీ.’ ఇది నమ్మి ఉన్న చెక్‌లు కూడా తీసేస్తున్నారు.

గో 1.18, 1.19లలో ఎనీ అనే, ఏ విలువనైనా పట్టే టైపుని కంపేరబుల్ అడిగిన చోట ఇస్తే కంపైలర్ ఒప్పుకునేది కాదు. మామూలు మ్యాప్‌కి (కీతో విలువ వెతికే పట్టికకి) ఎనీ కీగా పనికొస్తుంటే మా జెనరిక్ సెట్‌కి ఎందుకు పనికిరాదని జనం అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే 2023 ఫిబ్రవరిలో 1.20తో ఆ తలుపు తీశారు. కానీ ఎనీ లోపల ఏముందో ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తెలుస్తుంది.

ఎనీ కీలతో ఒక జెనరిక్ సెట్ రాసి, జేసన్ (డేటా పంపుకునే టెక్స్ట్ ఫార్మాట్) నుంచి డీకోడ్ చేసిన విలువలు అందులో వేయండి. స్ట్రింగ్ వేస్తే సరే, నంబర్ ఫ్లోట్‌గా వస్తుంది, అదీ సరే. టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి. ఒకరోజు ఎవరో ఆ ఫీల్డ్‌లో అర్రే పంపుతారు. అది స్లైస్ (గోలో జాబితా) అవుతుంది, స్లైస్‌కి హ్యాష్ (సెట్‌లో వెతకడానికి వాడే సంఖ్య) లేదు, ‘అన్‌హ్యాషబుల్ టైప్’ అని ప్రోగ్రామ్ కూలుతుంది. == అయితే ఇంకా దొంగది: రెండు వైపులా వేర్వేరు టైపులుంటే బుద్ధిగా ఫాల్స్ ఇస్తుంది, రెండూ ఒకే రకం స్లైస్‌లో, పోల్చలేని ఇంకో ఒకే టైపో అయినప్పుడే పానిక్. ఎనీ ఫీల్డ్ ఉన్న స్ట్రక్ట్‌ది (ఫీల్డ్‌లు కలిపి కట్టిన టైపు) కూడా ఇదే కథ. గ్యారంటీ కార్డు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తారో మరి!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ గ్యారంటీ కంపైలర్ నుంచి రాబట్టే దారి నిజంగానే ఉంది, ఫార్వర్డ్ రాసినాయనకి తెలియదంతే. ఒక డమ్మీ ఫంక్షన్‌లో మీ టైపునే టైప్ పారామీటర్‌కి (టైపు వచ్చి కూర్చునే ఖాళీకి) కన్‌స్ట్రెయింట్‌గా పెట్టి, ఆ పారామీటర్‌ని కంపేరబుల్ అడిగే ఇంకో ఫంక్షన్‌కి ఇవ్వండి. టైప్ పారామీటర్లకి 1.20 సడలింపు వర్తించదు. స్ట్రక్ట్‌లో ఎక్కడో ఎనీ దాక్కుని ఉంటే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.